మీ ప్రశ్న – నా జవాబు: ఆపి ఉంచిన మోటార్‌హోమ్, దిగిపోయే బ్యాటరీ

కిందటి సంచికలో మోటార్‌హోమ్‌ని, అంటే లోపలే ఇల్లులా ఉండగలిగే బండిని, నెలల తరబడి ఆపి ఉంచే ముందు చేసుకోవాల్సిన పనుల గురించి రాశాను. నీళ్ల పైపులు, టైర్లు, ఎలుకలు అన్నీ వివరంగా చెప్పి, బ్యాటరీ దగ్గరికి వచ్చేసరికి నాలుగు వాక్యాలతో సరిపెట్టాను. వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఆ నాలుగు వాక్యాల మీదే ఉన్నాయి. అందుకే ఈసారి శీర్షిక మొత్తం బ్యాటరీకీ, దాన్ని ఎండతో కాపాడే సోలార్ ప్యానెల్‌కీ ఇచ్చేస్తున్నాను. మా ఇంట్లో బండి నడిపేది మా ఆయన, వైరింగ్ చూసుకునేది నేను. తొమ్మిదేళ్లుగా ఇదే పంపకం. కాబట్టి ఇక్కడ చెప్పేవాటిలో చాలావరకు బండి కింద పడుకుని, చేతికి మసి అంటించుకుని నేర్చుకున్నవే.

ప్రశ్న: మేడమ్ గారూ, మా మోటార్‌హోమ్ ఏడాదిలో ఏడు నెలలు ఆగే ఉంటుంది. ఆపే చోట కరెంటు పాయింటు లేదు. లోపల 100 ఏహెచ్ (ఆంపియర్-అవర్, అంటే ఒక ఆంపియర్ కరెంటు ఒక గంట) లెడ్ యాసిడ్ బ్యాటరీలు రెండున్నాయి. సోలార్ ప్యానెల్ పెడదామంటే ఒకరు 10 వాట్లు చాలంటారు, ఇంకొకరు 200 వాట్లు ఉండాల్సిందే అంటారు. ఎవరి మాట వినాలి?

జవాబు: ఇద్దరూ నిజమే చెప్పి ఉండొచ్చండీ. ఎవరి బండికి సరిపోయింది వాళ్లు చెప్పారు. మీ బండి సంగతి తేలాలంటే ప్యానెల్ లెక్క కంటే ముందు బ్యాటరీ రోజుకు ఎంత పోగొట్టుకుంటోందో చూడాలి.

ఏ తీగా తగిలించకుండా పక్కన పెట్టినా బ్యాటరీ తనంతట తాను కొద్దికొద్దిగా దిగుతుంది. మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీ అయితే నెలకు 3 నుంచి 5 శాతం, వేడి ఎక్కువైతే ఇంకాస్త. మీ 200 ఏహెచ్‌కి ఎక్కువలో ఎక్కువ నెలకు 10 ఏహెచ్ అనుకోండి. రోజుకు చూస్తే ఏహెచ్‌లో మూడో వంతు. చేతిలో పట్టుకుని తిరిగేంత చిన్న ప్యానెల్ అరగంట మంచి ఎండలో ఆ లోటు పూడ్చేస్తుంది. 10 వాట్లు చాలన్నవారి బండిలో బహుశా అన్నీ పూర్తిగా ఆపేసి ఉంటారు.

అసలు తినేది బండి. గ్యాస్ లీకును పసిగట్టే డిటెక్టర్, కార్బన్ మోనాక్సైడ్ అలారం, స్టేషన్ల జ్ఞాపకం కోసం మెలకువగా ఉండే స్టీరియో, ఫ్రిజ్ లోపలి సర్క్యూట్ బోర్డు, మెట్లు ముడిచే మోటారు కంట్రోలు, ఎవరైనా జీపీఎస్ ట్రాకర్ పెట్టించుకుని ఉంటే అది. మీరు లైట్లన్నీ ఆర్పి తాళం వేసి వచ్చినా ఇవి పగలూ రాత్రీ లాగుతూనే ఉంటాయి. అన్నీ కలిపి 100 మిల్లీ ఆంపియర్లే అనుకుందాం. వినడానికి ఏమీ లేనట్టే ఉంటుంది. కానీ రోజుకు 24 గంటలు కదా, 2.4 ఏహెచ్ అయింది. బ్యాటరీ తనంతట తాను దిగేది కలిపితే 2.7. ఆ లెక్కన మీ రెండు బ్యాటరీలూ ఐదారు వారాల్లో సగానికి వచ్చేస్తాయి. ఏడు నెలలంటే ఇక చెప్పనక్కర్లేదు.

మీ బండిలో ఆ లాగుడు ఎంతో ఒక్క మల్టీమీటర్‌తో తెలుసుకోవచ్చు. నేను చేసే పద్ధతి చెబుతాను. ముందు ఇప్పటికే ఏదైనా ప్యానెల్ గానీ ఛార్జర్ గానీ ఉంటే తీసేయండి. లైట్లు, పంపు, ఫ్యాన్ అన్నీ ఆపేయండి. మీటర్ ఎర్ర తీగను 10ఏ అని రాసి ఉన్న రంధ్రంలోకి మార్చి, డయల్‌ని డీసీ ఆంపియర్ల మీద పెట్టండి. బ్యాటరీల నెగటివ్ కేబుల్ విప్పి, విప్పిన కేబుల్‌కీ బ్యాటరీ నెగటివ్ కొమ్ముకీ మధ్యలో మీటర్‌ని కలపండి. కరెంటు ఇప్పుడు మీటర్ గుండానే పోవాలి. ఒక్క జాగ్రత్త మాత్రం మరవకండి: మీటర్ ఈ స్థితిలో ఉండగా దాని రెండు మొనలూ బ్యాటరీ ప్లస్, మైనస్‌లకు తగిలించకూడదు. అది నేరుగా షార్ట్ చేసినట్టే. మీటర్ పోతుంది, చేయీ కాలుతుంది.

కలపగానే కనిపించిన అంకెను నమ్మకండి. బోర్డులన్నీ ఒక్కసారి మేలుకుంటాయి కాబట్టి మొదట ఎక్కువ చూపిస్తుంది. పది నిమిషాలు ఆగండి. మా బండిలో మొదటిసారి చూసినప్పుడు 0.21 దగ్గర నిలబడింది. అప్పుడు ఫ్యూజు పెట్టె మూత తీసి ఒక్కో ఫ్యూజు లాగడం మొదలుపెట్టాను. మా ఆయన మీటర్ చూస్తూ అంకె చదివారు. మెట్ల మోటారు ఫ్యూజు తీస్తే ఏమీ మారలేదు. స్టీరియోది తీస్తే 0.14కి దిగింది. గ్యాస్ డిటెక్టర్‌ది తీస్తే 0.06. మిగతా ఫ్యూజులన్నీ తీసినా ఆ 0.06 కదల్లేదు. కేబుల్ వెంట వెళ్లి చూస్తే మంచం కింద ఇన్వర్టర్, ముందువైపు బటన్ ఆఫ్‌లో ఉన్నా లోపల చిన్న ఆకుపచ్చ దీపం వెలుగుతోంది. దాన్ని ఫ్యూజు పెట్టెతో సంబంధం లేకుండా నేరుగా బ్యాటరీకి బిగించారు. అది విప్పాక మీటర్ సున్నాకి వచ్చింది. 0.21 అంటే రోజుకు 5 ఏహెచ్. అన్నాళ్లూ మా బ్యాటరీలు పాతబడ్డాయని అనుకుంటూ వచ్చాం.

ఇక ప్యానెల్ లెక్క. రోజుకు పోయే ఏహెచ్‌ని 13తో గుణించండి, వాట్-గంటలు వస్తాయి. మీ 2.7 ఏహెచ్‌కి 35. ఏడాదిలో ఎండ బాగా తక్కువగా ఉండే నెలకు లెక్క వేయాలి, వేసవికి కాదు. మబ్బులు, పొట్టి పగళ్లు, కప్పు మీద బల్లపరుపుగా పడుకున్న ప్యానెల్ అనుకుంటే, రోజంతా కలిపి గట్టి ఎండ రెండు గంటలకు సమానమని పెట్టుకోండి. అందులోనూ వైర్లలో, కంట్రోలర్‌లో (ప్యానెల్‌కీ బ్యాటరీకీ మధ్య ఛార్జింగ్‌ని అదుపుచేసే పెట్టె), దుమ్ములో కొంత పోతుంది, 70 శాతమే చేతికొస్తుంది. అంటే 35ని 1.4తో భాగించాలి. 25 వాట్లు. నేనైతే 50 తీసుకుంటాను, ఎందుకంటే వరుసగా వారం రోజులు ముసురు పట్టినా మళ్లీ లేచే శక్తి ఉండాలి. పనికిరాని ఫ్యూజులన్నీ తీసేసి ఉంచగలిగితే 20 వాట్లు హాయిగా సరిపోతుంది. 200 వాట్లు బండి వాడుకునేటప్పుడు పనికొస్తుంది, ఆపి ఉంచడానికి కాదు.

గ్యాస్ డిటెక్టర్ ఫ్యూజు తీయొచ్చా అని అడుగుతారేమో. సిలిండర్ వాల్వు గట్టిగా కట్టేసి, లోపల ఎవరూ పడుకోకపోతే తీయొచ్చు. కానీ తిరిగి పెట్టడం మరిచిపోతే ప్రాణాల మీదికి వస్తుంది. అందుకే నేను తీసిన ఆ ఫ్యూజుని టేపుతో బండి తాళం చెవికే అతికిస్తాను. తాళం తీసేటప్పుడు వేలికి తగలాల్సిందే. మీరూ అలాగే చేయండి, దయచేసి.

ప్రశ్న: మా బండి కప్పు మీద కంపెనీ బిగించిన 100 వాట్ల ప్యానెల్ ఉంది. ఆ ధైర్యంతోనే నాలుగు నెలలు కవరు కప్పి వదిలేశాం. వెళ్లి చూస్తే బ్యాటరీ పూర్తిగా చచ్చిపోయింది. ప్యానెల్ పాడైనట్టేనా?

జవాబు: ప్యానెల్ బాగానే ఉండి ఉంటుందండీ. కవరు ఎక్కడిదాకా కప్పారు? కప్పు మీదికి కూడా వచ్చి ఉంటే, నాలుగు నెలలూ ప్యానెల్ చీకట్లోనే ఉంది.

ఈ మాట ఇంత తేలిగ్గా ఎందుకు చెప్పగలుగుతున్నానంటే ఇదే తప్పు మేమూ చేశాం. బండి కొన్న రెండో ఏడాది. వాన పడకూడదని ఖరీదైన కవరు తెచ్చి, నిచ్చెన వేసుకుని, ఇద్దరం అరపూట కష్టపడి నాలుగు వైపులా బిగించి కట్టాం. ఆకు కూడా దూరనంత బాగా కట్టాం. మూడున్నర నెలల తర్వాత తలుపు తీసి లైటు స్విచ్ వేస్తే బల్బు వెలగలేదు, లోపలి తీగ మాత్రం ఎర్రగా ఒకసారి మినుకుమంది. మీటర్ పెడితే 9.8 వోల్టులు. ఛార్జర్‌కి పెట్టి రెండు రోజులు ఉంచాను. రాత్రి 12.7 చూపించేది, ఫ్యాన్ వేసిన అరగంటకే 11కి పడిపోయేది. రెండు బ్యాటరీలూ పాతసామానుకి పోయాయి. ఆ రోజు నాకు కలిగిన బాధ డబ్బు గురించి ఒక్కటే కాదు. వాటిని కాపాడటానికే కదా అంత కష్టపడింది.

అలా ఎందుకు అయిందో చెబుతాను. లెడ్ యాసిడ్ బ్యాటరీని 1859లో గాస్టన్ ప్లాంటే తయారుచేశారు. ఇన్నేళ్లయినా లోపల జరిగే రసాయన క్రియ అదే. కరెంటు వాడుకుంటున్నప్పుడు సీసం పలకల మీద లెడ్ సల్ఫేట్ సన్నని పొరలా పేరుకుంటుంది. వెంటనే ఛార్జ్ చేస్తే మళ్లీ కరిగి ఆమ్లంలో కలుస్తుంది. చేయకుండా వారాల తరబడి వదిలేస్తే ఆ పొర గట్టి స్ఫటికాలుగా మారుతుంది. దాన్నే సల్ఫేషన్ అంటారు. గట్టిపడ్డ భాగం ఇక పలకలో పనిచేయదు. అంటే బ్యాటరీని పాడుచేసేది ఒక్కసారి పూర్తిగా దిగిపోవడమే కాదు, సగం ఛార్జ్‌తో ఎక్కువ కాలం పడి ఉండటం కూడా. చలి ప్రదేశాల వాళ్లకు ఇంకో ప్రమాదం ఉంది. నిండుగా ఛార్జ్ ఉన్న బ్యాటరీలోని ఆమ్లం మైనస్ 50 డిగ్రీల దాకా గడ్డకట్టదు. పూర్తిగా దిగిపోయిన దానిలో ఉండేది దాదాపు నీళ్లే కాబట్టి మైనస్ 10 దగ్గరే గడ్డకట్టి డబ్బా పగిలిపోతుంది.

కవరు ఒక్కటే కాదు, నీడ ఏదైనా అంతే. ప్యానెల్ మీద సెల్స్ 36 ఒకదాని వెనుక ఒకటి గొలుసులా కలిపి ఉంటాయి. ఒక్కోటి అర వోల్టు ఇస్తేనే మొత్తం 18 వోల్టులు అవుతుంది. గొలుసులో ఒక్క సెల్ మీద యాంటెనా నీడ పడినా, తడి ఆకు అంటుకున్నా, మొత్తం గొలుసులో కరెంటు ఆ సెల్ ఇచ్చేంతకే పరిమితమవుతుంది. నీడ పడ్డ భాగాన్ని దాటవేయడానికి బైపాస్ డయోడ్లు ఉంటాయి కదా అనొచ్చు. ఉంటాయి. కానీ ఒకే ప్యానెల్ ఉన్నప్పుడు సగం గొలుసుని దాటవేస్తే మిగిలేది 9 వోల్టులు. 12 వోల్టుల బ్యాటరీలోకి ఆ 9 వోల్టులు ఎలా ఎక్కుతాయి?

కాబట్టి మీకు రెండు దారులున్నాయి. కవరు కావాలనుకుంటే ప్యానెల్ ఉన్న మేరకు ఖాళీ వదిలి, పక్కలు మాత్రమే కప్పండి. లేదంటే, బండి షెడ్డులో ఉన్నా సరే, ఒక చిన్న ప్యానెల్‌ని బయట పెట్టి లోపలికి వైరు లాక్కోండి. మేమిప్పుడు చేస్తున్నది రెండోదే. ఉత్తరార్ధగోళంలో ఉన్నవాళ్లు దక్షిణం వైపు, దక్షిణార్ధగోళంలో వాళ్లు ఉత్తరం వైపు తిప్పి, చలికాలం ఎండ వాలుగా వస్తుంది కాబట్టి బాగా నిలువుగా నిలబెట్టాలి. మీ అక్షాంశానికి 15 డిగ్రీలు కలిపితే ఆ వాలు వస్తుంది. నిలువుగా ఉంటే ఆకులూ మంచూ కూడా నిలవవు. కప్పు మీది ప్యానెల్‌కి ఈ లాభం లేదు.

ప్రశ్న: బండి ఆపగానే నేను బ్యాటరీ మెయిన్ స్విచ్ ఆఫ్ చేస్తాను. అలా చేస్తే సోలార్ కూడా ఆగిపోతుందా?

జవాబు: చాలా మంచి ప్రశ్న. ఎక్కువమంది అడగాల్సినది కూడా. సోలార్ కంట్రోలర్ వైరు ఆ స్విచ్‌కి ఏ పక్కన కలిపారన్న దాని మీద ఉంటుంది. బ్యాటరీ పక్కన కలిపి ఉంటే స్విచ్ ఆఫ్ చేసినా ఛార్జ్ ఎక్కుతుంది, బండిలోని లాగుడూ ఆగుతుంది. ఇదే మనకు కావాల్సింది. బండి పక్కన కలిపి ఉంటే స్విచ్ ఆఫ్ చేసిన క్షణం ప్యానెల్‌కీ బ్యాటరీకీ సంబంధం తెగిపోతుంది. కప్పు మీద ఎండ కాస్తూనే ఉంటుంది, బ్యాటరీకి మాత్రం ఏమీ అందదు. పైగా కొన్ని కంట్రోలర్లు బ్యాటరీ లేకుండా ప్యానెల్ ఒక్కదానికే తగిలి ఉంటే చెడిపోతాయి.

వైరింగ్ పటం వెతకనక్కర్లేదు. మంచి ఎండ ఉన్న మధ్యాహ్నం స్విచ్ ఆఫ్ చేసి, మీటర్‌ని ఈసారి వోల్టుల మీద పెట్టి, బ్యాటరీ కొమ్ముల మీదే చూడండి. 13 దాటి ఉంటే అంకె గుర్తుపెట్టుకుని, ఎవరినైనా ప్యానెల్ మీద దుప్పటి కప్పమనండి. అంకె నెమ్మదిగా దిగడం మొదలై, దుప్పటి తీయగానే మళ్లీ పైకి వస్తే మీ వైరింగ్ సరిగ్గా ఉన్నట్టే. దుప్పటి కప్పినా తీసినా ఒకటే అంకె ఉంటే, కంట్రోలర్ నుంచి వచ్చే వైరుని స్విచ్‌కి బ్యాటరీ వైపు ఉన్న బోల్టుకి మార్చుకోండి. మధ్యలో ఫ్యూజు తప్పనిసరి.

స్విచ్ ఆఫ్ చేశాం కదా అని నిశ్చింతగా కూడా ఉండకండి. కొన్ని బళ్లలో గ్యాస్ డిటెక్టర్‌ని కావాలనే స్విచ్‌కి ముందే కలుపుతారు. మొదటి జవాబులో చెప్పిన ఆంపియర్ల పరీక్ష స్విచ్ ఆఫ్ చేసి కూడా ఒకసారి చేయండి.

ప్రశ్న: చిన్న ప్యానెల్ కొని డ్యాష్‌బోర్డు మీద పెట్టి, సిగరెట్ లైటర్ సాకెట్‌లో గుచ్చాను. చాలా?

జవాబు: చాలదండీ. చాలా బళ్లలో ఇంజిన్ ఆపి తాళం చెవి బయటికి తీయగానే ఆ సాకెట్‌కి బ్యాటరీతో సంబంధం పోతుంది. అటు నుంచి కరెంటు రానప్పుడు ఇటు నుంచి వెళ్లదు కూడా. తాళం చెవి తీసేసి, ఆ సాకెట్‌లో ఫోన్ ఛార్జర్ గుచ్చి చూడండి. ఫోన్ ఛార్జ్ కాకపోతే మీ ప్యానెల్ ఇన్నాళ్లూ వృథా అయినట్టే. సాకెట్ పనిచేసినా, అద్దం కొంత ఎండని ఆపేస్తుంది, అద్దం వెనుక వేడికి ప్యానెల్ ఇచ్చేదీ తగ్గుతుంది. పైగా ఆ సాకెట్ బండి లోపలి బ్యాటరీకి కాదు, ఇంజిన్ బ్యాటరీకి సంబంధించినది. రింగు టెర్మినళ్లతో, ఫ్యూజుతో నేరుగా బ్యాటరీకే బిగించండి.

ప్రశ్న: ప్యానెల్ మీద 12 వోల్టులనే రాసి ఉంది, బ్యాటరీ కూడా 12 వోల్టులదే. మధ్యలో ఛార్జ్ కంట్రోలర్ ఎందుకు? దుకాణంవాళ్లు అమ్ముకోవడానికి చెప్పే మాట కాదా?

జవాబు: కాదండీ, అది లేకుండా పెట్టకండి. 12 వోల్టుల ప్యానెల్ అంటే 12 వోల్టుల బ్యాటరీకి సరిపడేది అని అర్థం. దానికేమీ తగిలించకుండా ఎండలో పెట్టి కొలిస్తే 20 వోల్టుల పైనే చూపిస్తుంది. బ్యాటరీ నిండాక కూడా ప్యానెల్ తోస్తూనే ఉంటే లోపలి నీరు విడిపోయి హైడ్రోజన్, ఆక్సిజన్ వాయువులుగా బయటికి పోతుంది. పలకలు నీటి మట్టం పైకి తేలి ఎండిపోతాయి. మూసి ఉన్న అరలో హైడ్రోజన్ చేరితే ఒక్క నిప్పురవ్వ చాలు. 5 వాట్ల లోపు బుల్లి ప్యానెల్‌ని పెద్ద బ్యాటరీకి కంట్రోలర్ లేకుండా పెట్టేవాళ్లున్నారు. నెలల తరబడి చూడని బండికి నేను అదీ ఒప్పుకోను.

కంట్రోలర్ చేసేది ఇది. బ్యాటరీని 14.4 వోల్టుల దాకా తీసుకెళ్లి నింపి, తర్వాత 13.5 చుట్టుపక్కలకు దించి అక్కడే పట్టి ఉంచుతుంది. దాన్నే ఫ్లోట్ అంటారు. రాత్రిపూట బ్యాటరీ నుంచి ప్యానెల్‌లోకి కరెంటు వెనక్కి పోకుండా కూడా ఆపుతుంది. పీడబ్ల్యూఎం, ఎంపీపీటీ అని రెండు రకాలుంటాయి. ఎంపీపీటీ అదే ఎండలో ఎక్కువ రాబడుతుంది, ఖరీదూ ఎక్కువే. బ్యాటరీని ఉన్న చోట నిలబెట్టే పనికి మామూలు పీడబ్ల్యూఎం చాలు. ఆ మిగిలిన డబ్బుతో ఉష్ణోగ్రతను బట్టి వోల్టేజీ మార్చుకునే రకం కొనండి. 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీకి ప్రతి డిగ్రీకి దాదాపు 18 మిల్లీ వోల్టులు సర్దాలి. 25 డిగ్రీల దగ్గర 13.5 అయితే, 40 డిగ్రీల అరలో 13.2 చాలు, సున్నా డిగ్రీల్లో 13.95 కావాలి. ఎండాకాలం ఇది లేని కంట్రోలర్ బ్యాటరీని నెమ్మదిగా ఉడికిస్తుంది. జెల్ బ్యాటరీ (ఆమ్లం జిగురులా ఉండే రకం) అయితే ఆ 14.4 పై వోల్టేజీ కూడా తగ్గించి పెట్టాలి, కంట్రోలర్‌లో దానికి వేరే సెట్టింగ్ ఉంటుంది.

బిగించేటప్పుడు ముందు కంట్రోలర్‌ని బ్యాటరీకి కలపండి, ఆ తర్వాతే ప్యానెల్. విప్పేటప్పుడు ముందు ప్యానెల్. బ్యాటరీ ఎన్ని వోల్టులదో కంట్రోలర్ ముందు తెలుసుకోవాలి, అందుకని. ఫ్యూజు బ్యాటరీ ప్లస్ కొమ్ముకి జానెడు లోపే ఉండాలి. ఇంకొకటి, బండి పక్కన ఉండే సోలార్ ప్లగ్గులో దూరింది కదా అని నమ్మకండి. రెండు పిన్నుల ప్లగ్గుల్లో కొందరు ప్లస్, మైనస్‌లను తారుమారుగా వాడతారు. మొదటిసారి గుచ్చే ముందు రెండు వైపులా మీటర్ పెట్టి ఏది ప్లస్సో చూసుకోండి.

ప్రశ్న: అమ్మా, నాకు డెబ్బై రెండేళ్లు. మా అబ్బాయి మొన్న బండిలో లిథియం బ్యాటరీ వేయించాడు. పాత ప్యానెల్‌నే దానికీ ఉంచమంటావా?

జవాబు: బాబాయ్ గారూ, బండి ఆపి ఉంచినన్నాళ్లూ మీకు ప్యానెల్‌తో పనే లేదు. బళ్లలో వాడే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ స్వభావం లెడ్ యాసిడ్‌కి పూర్తిగా వేరు. దానికి సల్ఫేషన్ బెడద లేదు. నిండుగా పట్టి ఉంచాల్సిన అవసరం లేదు సరికదా, నెలల తరబడి నూటికి నూరు శాతం ఛార్జ్‌లో ఉంచితేనే దాని ఆయుష్షు తగ్గుతుంది. సగానికి కాస్త పైన, 50, 60 శాతం దగ్గర ఆపి, కేబుళ్లు పూర్తిగా విప్పేయండి. నెలకు 2, 3 శాతం కంటే దిగదు.

ఒక హెచ్చరిక మాత్రం అబ్బాయికి కూడా చెప్పండి. సున్నా డిగ్రీల కంటే చల్లగా ఉన్నప్పుడు దాన్ని ఛార్జ్ చేయకూడదు, లోపల లోహపు లిథియం పేరుకుని శాశ్వతంగా దెబ్బతింటుంది. చలికాలం పొద్దున్నే ఎండ వస్తుంది, బ్యాటరీ ఇంకా గడ్డకట్టే చలిలోనే ఉంటుంది, ప్యానెల్ తన పని తాను చేసుకుపోతుంది. చలిలో ఛార్జింగ్ ఆపే రక్షణ మీ బ్యాటరీలో ఉందో లేదో పుస్తకంలో చూడమనండి. వోల్టేజీ చూసి ఎంత ఛార్జ్ ఉందో చెప్పడం కూడా దీనితో కుదరదు. చాలా దూరం 13.2 దగ్గరే కదలకుండా ఉండి చివర్లో ఒక్కసారిగా పడిపోతుంది. శాతం చూపించే మీటర్ ఉంటే దాన్నే నమ్మండి.

ప్రశ్న: సోలార్ బాగా పనిచేస్తోంది, లోపల లైట్లు, ఫ్యాన్ అన్నీ దివ్యంగా ఉన్నాయి. కానీ సెల్ఫ్ కొడితే టిక్ టిక్ అని ఆగిపోతోంది. ప్రయాణం రోజు పొద్దున్నే ఎంత టెన్షన్ పడ్డామో!

జవాబు: మోటార్‌హోమ్‌లో బ్యాటరీలు రెండు కుటుంబాలు. లోపలి లైట్లకూ పంపుకూ ఒకటి, ఇంజిన్ స్టార్ట్ చేయడానికి ఒకటి. మీ సోలార్ మొదటిదానికే కలిపి ఉంది, రెండోది నెలల తరబడి పస్తులుంటోంది. ఇంజిన్ కంప్యూటరూ, తాళాల రిసీవరూ కలిసి 50 మిల్లీ ఆంపియర్లు లాగినా రోజుకు 1.2 ఏహెచ్. దానికి వేరేగా 10, 20 వాట్ల ప్యానెల్ పెట్టుకోవచ్చు. రెండు బ్యాటరీలకూ పంచే కంట్రోలర్ దొరుకుతుంది. లోపలి బ్యాటరీ 13 వోల్టులు దాటినప్పుడు మాత్రమే ఇంజిన్ బ్యాటరీకి కొంచెం కొంచెం వదిలే చిన్న పెట్టె కూడా ఉంది. నేను వాడేది ఆ పెట్టెనే. మూడు తీగలు కలిపితే అయిపోయింది.

నెలకోసారి పావుగంట ఇంజిన్ ఆన్ చేసి ఉంచితే చాలదా అని చాలామంది అనుకుంటారు. సెల్ఫ్ కొట్టినప్పుడు పోయింది ఆ పావుగంటలో రావొచ్చు గానీ నెలంతా దిగింది రాదు.

ప్రశ్న: మా బ్యాటరీ 12.0 వోల్టులకు వచ్చేసింది. ఇప్పుడు 10 వాట్ల ప్యానెల్ కొని పెడితే మెల్లగా కోలుకుంటుందా?

జవాబు: వద్దండీ. లెడ్ యాసిడ్ బ్యాటరీ, ఏదీ లాగకుండా కొన్ని గంటలు కదిలించకుండా ఉన్నాక 12.6 పైన ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం, 12.0 అంటే నాలుగో వంతు. 100 ఏహెచ్ బ్యాటరీలో 75 ఏహెచ్ తిరిగి ఎక్కించాలి. 10 వాట్ల ప్యానెల్ మంచి ఎండలో కూడా అర ఆంపియర్ ఇస్తే గొప్ప. రోజుకు రెండు మూడు ఏహెచ్ చొప్పున నెల రోజులు పడుతుంది. ఆ నెలంతా పలకల మీద సల్ఫేట్ గట్టిపడుతూనే ఉంటుంది. ముందు కరెంటు ఛార్జర్‌తో ఒక రాత్రంతా పూర్తిగా నింపండి. ప్యానెల్‌ని ఆ మర్నాడు కలపండి.

ప్యానెల్ పెట్టాక కూడా నెలకోసారి వెళ్లి రండి. పొద్దున్న ఎండ పడకముందు వోల్టులు చూడండి, ఎండలో చూస్తే కంట్రోలర్ అంకె కనిపిస్తుంది గానీ బ్యాటరీది కాదు. మూతలున్న రకమైతే నీటి మట్టం చూసి డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయండి. ప్యానెల్‌ని తడిగుడ్డతో తుడవండి.

ప్రశ్న: ఈ ప్యానెళ్ల గొడవ లేకుండా బ్యాటరీలు విప్పి ఇంటికి తెచ్చుకుంటే?

జవాబు: మోయగలిగితే అంతకంటే మంచి పని లేదు. చల్లని, గాలి ఆడే చోట పెట్టి, నెలకో రెండు నెలలకో ఒకసారి ఛార్జ్ చేయండి. సిమెంటు నేల మీద పెడితే దిగిపోతుందన్న భయం అక్కర్లేదు, ఇప్పటి ప్లాస్టిక్ డబ్బాలకు అది వర్తించదు. విప్పే ముందు కేబుళ్లన్నీ కనిపించేలా ఫోన్‌తో రెండు ఫోటోలు తీసుకోండి, ఒక్కో కేబుల్‌కి ఎక్కడిదో రాసి చీటీ కట్టండి. విప్పేటప్పుడు నెగటివ్ ముందు, బిగించేటప్పుడు నెగటివ్ చివర.